లింగం కిరాయి గదులు

ఇస్నాపూర్‌లో లింగం కిరాయి గదుల దగ్గర వనజ కనబడితే చాలు, తలుపులు మూసుకునేవి. టీబీ ఉన్నవాళ్లను వెతికి మందులు వేయించడం ఆమె ఉద్యోగం. ఏళ్లుగా ఇంటింటికీ తిరుగుతోంది. మూసిన తలుపుల వెనక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గే చప్పుడు మాత్రం ఇక్కడే విన్నది.

ఆ భయం కుమార్‌తో మొదలైంది. ఆ గదుల్లో ఒకదాంట్లో ఉంటూ మందుల కంపెనీలో పనిచేసే ఆ కుర్రాడికి టీబీ ఉందని తేలిన రోజే లింగం అతని పరుపు, బట్టలు రోడ్డు మీద పడేశాడు.

"మందులు వేసుకుంటే తగ్గుతది పటేలా, ఉండనియ్యి," అని వనజ బతిమాలింది.

"నా ఇంట్ల ఆడపిల్ల ఉన్నది. ఇంకెవనికన్న ఉన్నదని తెలిస్తే వాన్ని గూడ ఎల్లగొడత."

ఆ మాట గదులన్నీ విన్నాయి. కుమార్ ఎటు పోయాడో తెలియలేదు. ఫోన్ బంద్. మామూలు మందులకు అతని జబ్బు లొంగదని తర్వాత వచ్చిన రిపోర్టులో ఉంది. ఆ సంగతి అతనికి చెప్పే దారే దొరకలేదు వనజకు.

వానలు వెనకబట్టాక లింగం భార్య సుమిత్ర ఆమెను పెరటి వైపు నుంచి పిలిచింది. బిడ్డ నిషిత మంచం మీద ఎముకల గూడులా ఉంది. దిండు పక్కన నెత్తుటి మరకల రుమాలు.

"దగ్గు మందు తాగిస్తున్నం. ఆయన ఎవ్వలకు చెప్పద్దన్నడు," అంది సుమిత్ర.

పరీక్షలో కుమార్‌కు ఉన్నటువంటి, మామూలు మందులకు లొంగని జబ్బే తేలింది. నిషితను ఆసుపత్రిలో చేర్చారు. లింగం వరండాలో వనజను ఆపాడు.

"నా బిడ్డకు ఎవనితోని అంటిందమ్మా?"

"నాకెట్ల తెలుస్తది పటేలా? ఒక్క తలుపన్న తెరవనిస్తివా?"

గదుల్లో ఉన్నవాళ్లందరినీ పరీక్షించడానికి మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే వ్యాను తెప్పించింది వనజ. లింగం తానే ముందు నడిచాడు.

"ఎవ్వల్నీ ఎల్లగొట్ట. బయటికి రాండ్రి," అంటూ తలుపు తట్టాడు. అది దానంతటదే తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పక్క గదిలో పొయ్యి మీద సగం ఉడికిన అన్నం. ఆ తర్వాతి గదీ ఖాళీయే.

మూలమీద చాయ్ అమ్మే సత్తెమ్మ చెప్పింది: "వ్యాను సూసి బెదిరిన్రు బిడ్డా. వెనక సందుల నుంచి ఆటోలెక్కిన్రు. కొందరు కాజీపల్లికి పోతమన్నరు, కొందరు జిన్నారంకు. దగ్గుకుంటనే ఇరుక్కోని కూసున్నరు."