ఇసుక తిన్నె మీద చీపురు

మా ఆయన ఉప్పలయ్య పేరుకే దోనె నడుపుతాడు గానీ, మనసంతా పిట్టల మీదే. శబరి ఏటి మీద మా రేవు ఆయనది. అవతలి ఒడ్డు జయపురం వాళ్లది, ఇవతలిది బస్తర్ రాజ్యం, మధ్యలో తెడ్డు మా ఆయనది. ఎండాకాలం ఏరు సన్నబడితే మా వైపు పెద్ద ఇసుక తిన్నె తేలుతుంది. ఎర్రబోరు సంతకు పోయే జనం దోనె దిగి, ఆ తిన్నెకు అడ్డంగా నడిచి గట్టెక్కుతారు. సరిగ్గా ఆ తోవలోనే ఏటి పిట్టలు గుడ్లు పెడతాయి. గూడూ లేదు, పుల్లా లేదు. ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు గుడ్లు. కాలు పడేదాకా కనబడవు.

కిందటేడు సంత జనం అన్నిటినీ తొక్కేశారు, తెలియకే. పిట్టలు సాయంత్రం దాకా గోల పెట్టి వెళ్లిపోయాయి. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. వండిపెట్టిన నేనేం పాపం చేశాను?

ఈ యేడు పిట్టలు మళ్లీ వచ్చాయి. ఎండ మాడ్చేటప్పుడు తల్లిపిట్ట ఏట్లో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చోవడం ఆయన నాకు చూపించాడు. నాకూ ముచ్చటేసింది, లేదనను. కానీ అప్పటికి నా ధ్యాసంతా సారలమ్మ మీదే. మా ఒక్కగానొక్క కూతురు, తొలి కాన్పుకు వచ్చింది. నెలలు నిండాయి. ఈ చుట్టుపక్కల చెయ్యి తిరిగిన మంత్రసాని బుధ్రి ఒక్కతే. ఆమెదేమో అవతలి ఒడ్డు.

సంత రోజు తెల్లవారుతూనే సారలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బుధ్రిని తీసుకురమ్మని ఆయన్ను తరిమాను. పొద్దెక్కాక ఒక్కడే తిరిగొచ్చాడు.

"బుధ్రవ్వ ఏది?"

"రానంటంది." తల దించుకున్నాడు. "ఎవ్వలూ దోనె ఎక్కుతలేరు. మన ఊర్లె అమ్మవారు పోసిందంటున్నరు."

పక్కింటి వెంకమ్మను సారలమ్మ దగ్గర కూర్చోబెట్టి ఏటికి పరుగెత్తాను. తిన్నె చూడగానే సంగతి అర్థమైంది. ముందురోజు సాయంత్రం ఈ మహానుభావుడు, ఎవరూ తొక్కకుండా గుడ్ల చుట్టూ కంచెలా వేపమండలు పాతిపెట్టాడు. అమ్మవారు పోసిన ఇంటి చూరుకు వేపమండ కడతారని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మండ కనబడితే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. రేవంతా మండలు పాతితే ఏమనుకుంటారు? ఊరు ఊరంతా మశూచికంతో మంచం పట్టిందనుకోరా?

"వేప అయితే పశువులు మూతి పెట్టవని..." నసిగాడు.

"అవ్, పశువులు రాలే. మనుషులు గూడ రాలే. నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!"

అవతలి ఒడ్డున జనం గంపలు దింపుకుని నిలబడి ఉన్నారు. బుధ్రి ఒక రాయి మీద కూర్చుని ఉంది. గొంతు చించుకుని అరిచాను.

"బుధ్రవ్వా! అమ్మవారూ లేదు, ఏం లేదు! ఇవి పిట్టల కోసం పెట్టినయి!"

"పిట్టలకు ఎవలన్న మండలు పెడ్తరా?" ఆమె కేక వినబడింది. "టీకాలు పొడిసెటోడు వత్తడని భయపడి దాస్తున్నరు. నా ఇంట్ల పసిపిల్లలున్నరు సోమక్కా, నేను రాలేను!"

ఆమెను తప్పుపట్టడానికి లేదు. నేనైనా రాను. అప్పటిదాకా కోపంలో భయం తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. వంగి మండలు పీకడం మొదలుపెట్టాను.

"గుడ్లు పోతయే," అన్నాడు ఆయన.

"నా బిడ్డ పోతది!"

ఆయనే వంగి మిగిలిన మండలన్నీ పీకి ఏట్లో పారేశాడు. కళ్లనిండా నీళ్లు. నాకు జాలేసింది గానీ, జాలిపడే తీరిక లేదు. మోకాలి లోతు నీళ్లలోకి దిగి రెండు చేతులూ ఎత్తాను.

"అవ్వా, నన్ను దగ్గరికొచ్చి సూడు! ఒక్క పొక్కు కనబడ్డా ఎనక్కి పో!"

బుధ్రి చాలాసేపు చూసింది. లేచింది. ఆయన దోనె తీసుకుపోయాడు. ఆమె ఎక్కగానే ధైర్యం వచ్చి జనమూ ఎక్కారు. దోనె పట్టనివాళ్లు నడుం లోతు నీళ్లలో పడి వచ్చారు.

ఇవతల బుధ్రి ముందు దిగింది. రెండడుగులు వేసిందో లేదో పిట్టలు నెత్తి మీదకు దూకాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూసింది. బొటనవేలి ముందే గుడ్లు. వెనక జనం తోసుకొస్తున్నారు.

"ఇదేంది, ఈడ గూడ పురుళ్లేనా?" అంది బుధ్రి. వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "ఆగుండ్రి! బాలింతల మీదికెల్లి నడుత్తరా? నీళ్లంచు పట్టుకొని సుట్టు తిరిగి పోండ్రి!"

అక్కడున్నవాళ్లలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. నెత్తిన గంపలతో నీళ్ల అంచునే వరసగా నడిచి వెళ్లారు. సంతకు కాస్త ఆలస్యమైంది, అంతే.

మధ్యాహ్నం దాటాక సారలమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు వినగానే గోడకు ఆనుకుని కూలబడ్డాను. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. తల్లీ బిడ్డా క్షేమం. నాకింకేం కావాలి?

బుధ్రి ఆనవాయితీ ప్రకారం గుమ్మానికి అడ్డంగా చీపురు పెట్టింది. లోపల పురుడైంది, పరాయివాళ్లు రావద్దని దాని అర్థం. ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ, ఆ చీపురు దాటి ఎవరూ కాలు పెట్టరు.

బయట నిలబడ్డ మా ఆయన ఆ చీపురునే చూస్తున్నాడు.

"ఇంకోటి ఉన్నదానే?" అని అడిగాడు.

"మనవరాలి మొఖం గూడ సూడలే, నీకు చీపురు కావాల్నా?" అంటూనే కొత్త చీపురు ఆయన మీదకు విసిరాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

తర్వాతి సంత నాటికి తిన్నె మీద, పాత తోవకు అడ్డంగా నా కొత్త చీపురు ఉంది. దోనె దిగినవాళ్లు దాన్ని చూసి, ఎవరూ చెప్పకుండానే నీళ్ల అంచుకు తిరిగారు. గొంతులు కూడా తగ్గించారు. నేను బిందెతో అక్కడే ఉన్నాను. అవతలి ఊరి ముసలామె ఒకతె ఆగి, చీపురు వైపు చూసి, నా వైపు చూసింది.

"ఏం పుట్టింది బిడ్డా?"

"ఇంట్లనైతే ఆడపిల్ల," అన్నాను. "ఈడ ఇంక కాలేదవ్వా. మెల్లగ నడువు."