గుడ్డు లేదు

కూర్మనాథం గారు బయట తిండి ముట్టరు. హోటలైనా, బేకరీ అయినా, పెళ్లి భోజనమైనా ఒకటే. శ్రీకూర్మంలో పిల్లలకి సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే సాలగ్రామాలకు అభిషేకం చేసి, నైవేద్యం పెట్టి, అదే తింటారు. ఆకు ముందు కూర్చున్నాక ఆయన అడిగేది ఒక్కటే.

"ఎవరు చేశారమ్మా?"

"నేనే మావయ్యగారూ" అంటుంది కోడలు జగదీశ్వరి.

అంతే. ఇక ఏ గిన్నెలో ఏముందో చూడరు. ఔపోశన పట్టేస్తారు. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే మాట, ఇదే జవాబు.

మనవరాలు తన్మయి పుట్టినరోజుకి మాత్రం చిక్కు. కేకు కోస్తారు, తాతయ్య అక్షింతలు వేసి తన గదిలోకి వెళ్లిపోతారు. ఆ ఏడు తన్మయి ఫోన్లో ఒక వంట చూసింది. అడుగున బిస్కెట్టు, దాని మీద దూదిలా తెల్లటి మిఠాయి, ఆపైన చాక్లెట్టు. ఆ తెల్లదాన్ని మార్ష్‌మాలో అంటారట.

"ఇంట్లో చేస్తే తాతయ్య కూడా తింటాడు కదమ్మా."

"అందులో గుడ్డుంటుందే."

"లేకుండా చెయ్యొచ్చట. సూడు, ఇక్కడుంది. పంచదార, నీళ్లు, జెలటిన్."

జగదీశ్వరి శ్రీకాకుళం వెళ్లి గంగులు కిరాణా కొట్లో జెలటిన్ అడిగింది. గంగులు డబ్బాలోంచి తీసి, చిన్న కవర్లో పోసి ఇచ్చాడు.

"ఇందులో గుడ్డు లేదు కదా గంగులూ?"

"గుడ్డేటమ్మా, ఒట్టి పొడి. నీళ్లలో ఏస్తే గట్టి పడతాది."

పాయసం గట్టిపడటానికి ఆమె చైనా గ్రాసు వాడేది. అదే పొడి చేసి అమ్ముతున్నారనుకుంది.

కుక్కర్లో ఉప్పు పోసి వేడెక్కనిచ్చి, గోధుమపిండి, వెన్న కలిపి బిస్కెట్లు కాల్చింది. పొడిని చన్నీళ్లలో నానబెట్టింది. పంచదార ఉండపాకం వచ్చాక దాంట్లో పోసి, చెయ్యి లాగేదాకా గిలక్కొట్టింది. పాకం తెల్లబడి, పొంగి, గరిటెకి అంటుకుంది. బిస్కెట్ల మీద ముద్దలు పెట్టింది. కోకో పొడి, వెన్న, పంచదార ఆవిరి మీద కరిగించి అందులో ముంచింది.

"ఎవరు చేశారమ్మా?"

"నేనే మావయ్యగారూ."

కూర్మనాథం గారికి పళ్లు లేవు. బిస్కెట్టు పాలలో నానబెట్టుకున్నారు. తెల్లది నోట్లో దానంతటదే కరిగింది. ఇంకొకటి అడిగారు. తన్మయి పక్కనే కూర్చుని, తాతయ్య మూతికంటిన చాక్లెట్టు చూసి నవ్వింది.

"ఏటే నవ్వుతావు? మీ అమ్మ నన్ను పసివాణ్ని చేసేసింది" అన్నారాయన. తర్వాత నాలుగైదుసార్లు అడిగారు. ఆ మెత్తటిది మళ్లీ ఎప్పుడు చేస్తావని.

శ్రావణంలో ఆమె మళ్లీ గంగులు కొట్టుకి వెళ్లింది. విడిపొడి అయిపోయిందని గంగులు పెట్టె తీసి ఇచ్చాడు. పెట్టె మీద, మాంసాహారానికి వేసే గోధుమరంగు గుర్తుంది.

"ఇది చైనా గ్రాసు కాదా?"

"అది సముద్రంలో నాసు కదమ్మా. ఇది ఎముకల్ది. రెండూ గట్టి పడతాయి."

"మరి అప్పుడు సెప్పలేదేం?"

"మీరు గుడ్డుందా అనడిగినారు. లేదన్నాను. ఎముకలున్నాయా అని అడగలేదు కదా."

ఇంటికొచ్చి, పుట్టినరోజుకి తెచ్చినదాంట్లో మిగిలిన పొడి పెరట్లో పారబోసింది. తన్మయి చూసి ఎందుకని అడిగితే పురుగు పట్టిందంది. భర్త దత్తాత్రేయకి చెబితే అతను పేపరు మడిచాడు.

"నాన్నకి సెప్పి ఏం చేద్దామని? ఆయన్చేత ఉపవాసాలు చేయిస్తావా ఈ వయసులో? ఊరుకో."

ఆ వారంలోనే కూర్మనాథం గారి తండ్రి తద్దినం. భోక్తలకి కబురు వెళ్లిపోయింది. జరిగిపోయాక చెబుదామనుకుంది. తడిబట్టతో వంట చేసింది. ఆయన పిండాలు పెట్టారు. జరిగిపోయాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు చెప్పాల్సినవి రెండయ్యాయి.

దసరా సెలవుల్లో ఆయనే మళ్లీ అడిగారు. ఈసారి చైనా గ్రాసు తెచ్చి చేసింది. పాకం అదే, గిలక్కొట్టడమూ అదే. కాని తెల్లది జున్నుముక్కలా బిగిసింది. ఆయన చిగుళ్లతో నొక్కి చూశారు. ముక్కలైందిగాని కరగలేదు.

"చెయ్యి తప్పిందేటమ్మా?"

"పాకం ముదిరింది మావయ్యగారూ."

"పాకం కాదు తాతయ్యా," అంది తన్మయి, "అప్పుడు వేసింది జెలటిన్. అమ్మ దాన్ని పారేసింది. ఇది చైనా గ్రాసు."

"పారేశావా? ఎందుకు?"

తన్మయి తల్లి వైపు చూసింది. దత్తాత్రేయ మంచినీళ్ల గ్లాసు ఎత్తాడు.

"అది ఎముకలతో చేస్తారట మావయ్యగారూ. నాకు తెలీదు. గుడ్డు లేదన్నాడని తెచ్చాను."

ఆయన చేతిలో ముక్క పళ్లెంలో పెట్టారు. చెయ్యి కడుక్కోలేదు.

"తెలీక చేసినదానికి దోషం లేదమ్మా" అన్నారు. పళ్లెం పక్కకి జరిపి, "తెలిసిందెప్పుడు?" అన్నారు.

"శ్రావణంలో."

"మా నాన్న తద్దినానికి ముందా, తర్వాతా?"

జగదీశ్వరి కొంగు మడత పెట్టింది, విప్పింది.

"ముందే."

ఆయన లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నారు. నాలుగు మాటలు అన్నా బాగుండేదని ఆమెకి ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది. మర్నాడు జంధ్యం మార్చుకుని, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా గదిలో కూర్చున్నారు. తన్మయి గుమ్మం దగ్గరకు వెళ్లి, "నేను సెప్పకుండా ఉండాల్సిందా తాతయ్యా?" అంది. "నువ్వు కాదే" అన్నారు లోపల్నుంచి.

ఆ మర్నాడు ఎప్పటిలా ఆకు ముందు కూర్చున్నారు. జగదీశ్వరి వడ్డించింది. "ఎవరు చేశారమ్మా" అంటారని గరిటె పట్టుకుని నిలబడింది.

"పప్పులో ఏం వేశావమ్మా?"

ఆమె గరిటె కింద పెట్టింది. "కందిపప్పు" అంది. "వంకాయ, చింతపండు, పచ్చిమిర్చి. ఉప్పు, పసుపు. పోపులో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి."

ఆయన కలపబోయిన చెయ్యి ఆపి, వాసన చూశారు.

"ఇంగువ కూడా వేశాను మావయ్యగారూ" అంది.

అప్పుడు కలుపుకున్నారు.