తొమ్మిదికి ట్యూన్ చేసిన కారు

జ్యోతిక మొగుడితో వేగడం కష్టం. జైపాల్ తాగడు, పేకాడడు, కూరలో ఉప్పు మరిచిపోయినా నోరెత్తకుండా తింటాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే: తొమ్మిది. ఫోన్ నంబరు కూడితే తొమ్మిది రావాలి, కారు నంబరు కూడితే తొమ్మిది రావాలి. పెళ్లిచూపుల్లో ఆమె పుట్టినతేదీని వేళ్ల మీద కూడుతుంటే, పాపం సిగ్గుపడుతున్నాడనుకుంది జ్యోతిక.

ఆ కారులో రేడియో తప్ప మరేదీ పలకదు. దాని మీది అంకెలు ఎప్పుడో ఆరిపోయాయి. అందుకని జైపాల్ దిల్‌సుఖ్‌నగర్‌లో బొటనవేలంత యంత్రం కొన్నాడు. సిగరెట్ లైటర్ గుంటలో గుచ్చితే చాలు, ఫోన్‌లోని పాటను బ్లూటూత్‌తో అందుకుని ఎఫ్ఎం మీద రేడియోకి పంపుతుంది. ఏ స్టేషనూ లేని నంబరు పెట్టుకోమన్నాడు షాపతను. జైపాల్ 98.1 పెట్టాడు. కూడితే పద్దెనిమిది; మళ్లీ కూడితే తొమ్మిది.

ఆ నంబరు పక్కనే ఒక స్టేషనుంది. చైతన్యపురి దాటగానే పాటలోకి నగల దుకాణం ప్రకటన జొరబడేది.

"జర నంబర్ మార్చుండ్రి," అనేది జ్యోతిక.

"నంబర్ మంచిదే. మెట్రో పిల్లర్లే సిగ్నల్ గుంజుతున్నయ్."

అంతవరకూ నవ్వుకుంది. కానీ పోయిన నెల, నల్లగొండ నుంచి వచ్చిన తల్లి చంద్రమ్మకు ఆవిడ పాడగా ఫోన్లో రికార్డు చేసిన బతుకమ్మ పాటే కారులో వినిపిస్తుంటే, రెండో చరణంలో నగల దుకాణం వచ్చిపడింది. అల్లుడే కావాలని మార్చాడనుకుంది చంద్రమ్మ. అప్పట్నుంచీ పాడడమే మానేసింది.

శుక్రవారం జ్యోతిక కారుకు పూజ చేసింది. పనిలో పనిగా యంత్రాన్ని ఏ స్టేషనూ లేని 88.1కి మార్చి, పాట వినిపించేదాకా రేడియోనూ తిప్పి, యంత్రం అంకెల మీద పెద్ద స్టిక్కర్ బొట్టు అంటించింది. పూజ చేసిన బొట్టు పీకే ధైర్యం జైపాల్‌కు లేదు.

ఆదివారం ఎల్బీనగర్‌లో బస్సు దిగిన చంద్రమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని, తుర్కయంజాల్‌లో గృహప్రవేశానికి బయల్దేరారు.

"అమ్మ పాట పెట్టుండ్రి," అంది ముందు కూర్చున్న జ్యోతిక.

"వద్దులే బిడ్డా. అల్లునికి నా గొంతు పడది," అంది చంద్రమ్మ కిటికీలోంచి చూస్తూ.

జైపాల్ ముఖం చిన్నబోయింది. పాట పెట్టాడు. మెట్రో పిల్లర్లు వెనక్కి పోయాయి. రెండో చరణమూ వచ్చి పోయింది. సాగర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర కారు ఆగింది కానీ పాట ఆగలేదు. వెనక నుంచి చంద్రమ్మ మెల్లగా గొంతు కలిపింది.

"చూసిండ్రా అత్తమ్మా! తొమ్మిది పవర్!"

"అట్లనా?" జ్యోతిక గోటితో బొట్టు లేపింది.

స్టీరింగు మీద జైపాల్ వేళ్లు కదిలాయి. పదిహేడు. ఒకటీ ఏడూ...

"ఎనిమిదా! శని నంబర్! గిదేం పని జ్యోతీ?"

"మరి మెట్రో పిల్లర్లు ఇయ్యాల సెలవు పెట్టినయా?"

"ఏమైంది బిడ్డా?" అంది చంద్రమ్మ.

"నీ అల్లున్నే అడుగమ్మా."

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. జైపాల్ అద్దంలో అత్తగారి వైపు చూశాడు.

"ఆనాడు మీ పాట నేను మార్చలే, అత్తమ్మా. కానీ గీ తొమ్మిది పిచ్చితోని ఖరాబ్ చేసింది మాత్రం నేనే. తప్పు నాదే."