కుడి తొడలో గడ్డ

రెండు వేల ఆరులో కొత్తకోట బయట ఒక ప్రయోగశాల ఉండేది. పెంటమ్మ, ఆమె మొగుడు యేసుబాబు అక్కడ కోళ్ల పంజరాలు కడిగేవాళ్లు. గడ్డలు పుట్టించే వైరస్‌ను కోళ్ల కుడి తొడ కండలోకి ఎక్కిస్తారు. కొన్నాళ్లకు ఆ కండ తెల్లబడి గడ్డ కడుతుంది. ఎడమ తొడను ముట్టుకోరు, పోల్చి చూడటానికి. పక్కగదిలో ఏ రోగమూ ఎక్కించని మంచి కోళ్లుంటాయి.

ఆ మంచి కోళ్లే ఆదివారం ఆదివారం ప్రయోగశాల నడిపే నాగేశ్ సార్ ఇంట్లో కూరయ్యేవి. గోనెసంచిలో వేసి వనపర్తిలో ఆయనింటికి చేర్చేది పెంటమ్మే. కోళ్లు తగ్గుతున్నాయేమని పైవాళ్లు నిలదీస్తే సార్ జంకూగొంకూ లేకుండా యేసుబాబును చూపించాడు. అతని పని పోయింది, కోళ్లదొంగ అన్న పేరు మిగిలింది. మనిషి గడప దాటడం మానేశాడు. పెంటమ్మ నోరు కుట్టుకుని పనిలోనే ఉండిపోయింది గానీ, ఆమె కడుపు మండుతూనే ఉంది.

హైదరాబాద్ నుంచి పెద్ద మేడం జయశ్రీ తనిఖీకొచ్చింది. సార్ ఆమెను భోజనానికి పిలిచి, "మంచిది జూసి ఓ కోడిని తే," అని పెంటమ్మకు చెప్పాడు. ఆమె రోగం గదిలోంచి ఒకదాన్ని పట్టి, దాని కాలికున్న ల్యాబ్ నంబరు రింగు తీసేసింది. ఆ రోగం మనుషులకు అంటదని సార్లే అనేవారు. అయినా ఆ కూర ఎవరి నోటికీ పోకూడదనే ఆమె పంతం. గడ్డ కంటపడితే చాలు.

సార్ సంతలో బేరగాడిలా కోడి రొమ్ము నొక్కి చూసి మురిసిపోయాడు. తొడ నొక్కాలన్న బుద్ధి పుట్టలేదు, అంత చదివిన పెద్దమనిషికి!

పెంటమ్మ కత్తిపీటను సార్ ఇంటి వాకిట్లో మేడం కుర్చీ ముందే వేసింది. కోడిని కోసి, తోలు తీసి కుడి తొడను చీల్చింది. లోపల ఉసిరికాయంత తెల్లటి గడ్డ. ఎడమ తొడ నున్నగా ఉంది.

మేడం దిగ్గున లేచింది. "ఇది మన ల్యాబ్ కోడి కదా, నాగేశ్?"

"కాదు మేడం, బజార్ల కొన్నది." సార్ పెంటమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా పెంటమ్మా!"

అమ్మా అని ఆయన పిలవడం అదే మొదలు. పెంటమ్మకు ఇసుమంత జాలి కూడా కలగలేదు.

"ఇదొక్కటే గాదు మేడం, వారం వారం నేనే తెచ్చిన. మా ఆయన్ని దొంగను జేసిండు. దొంగెవరో సారునే చెప్పమనుండ్రి."

మేడం చూపు సార్ మీంచి కదల్లేదు. ఆయన తలొంచుకుని "నేనే," అని గొణిగాడు.

"గట్ల గాదు సార్, జర గట్టిగ చెప్పుండ్రి," అంది పెంటమ్మ కత్తిపీట కడుగుతూ. "మా ఆయన్ని బతిలాడి తోల్కొచ్చిన. గేటు కాడ నిలవడ్డడు, ఆయనకు గూడ ఇనబడాలె."