నలభై వేల గంటలు

బనగానపల్లెలో దేవేంద్రప్ప డాక్టరు స్కాన్ సెంటర్లో ముబీనా ఆరేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తోంది. వాటిని దాచే లినక్స్ కంప్యూటరు సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఆ బరువూ ఆమె నెత్తినే పడింది.

అందులో ఎక్స్‌రేలన్నీ నిలవుండే డ్రైవులను తయారుచేసిన కంపెనీ హెచ్చరిక ఒకటి ఆమె కంటబడింది. నలభై వేల గంటలు నడిచాక అవి ఉన్నట్టుండి చచ్చిపోతాయట. లోపల వాటిని నడిపించే చిన్న ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, మార్చుకుంటే బతుకుతాయట. లెక్క చూస్తే పదకొండు రోజులే మిగిలాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని పెట్టిన జత అది. కానీ రెండూ ఒకే రోజు మొదలైనవే.

మూడుసార్లు అప్‌డేట్ చేయబోయింది. మూడుసార్లూ 'డ్రైవు కనబడలేదు' అనే వచ్చింది. పొద్దంతా కుస్తీ పడితే కారణం దొరికింది. డ్రైవులు రెంటినీ కలిపి నడిపే ఒక కార్డు వెనక ఉన్నాయి, అది అప్‌డేట్‌ను వాటి దాకా పోనివ్వడం లేదు. కంప్యూటరు ఆపి, ఒక్కోదాన్ని విప్పి నేరుగా బోర్డుకు తగిలిస్తే తప్ప పని కాదు.

ఆ సంగతంతా డాక్టరుకు చెప్పింది. "ఒక్క పూట మూసేద్దాం సార్. లేకుంటే కాపీ తీసేదానికి ఇంకో డిస్కన్నా తెప్పీండి."

"నడస్తాండేదాన్ని ఎందుకు కెలుకుతావమ్మా? బయట జనం నిలబడుకోనుండారు. చూద్దాంలే."

రోజూ అడిగింది. రోజూ 'చూద్దాంలే' అన్నాడు. పన్నెండో రోజు పొద్దున పదిన్నరకు రెండు డ్రైవులూ ఒక్క నిమిషంలో పోయాయి.

డాక్టరు ఒక కాగితం రాయించి ఆమె ముందు పెట్టాడు. 'నా పొరపాటు వల్ల' అని మొదలైంది అది.

"మూడుసార్లు కెలికినానని నువ్వే చెప్తివి గదా. సంతకం పెట్టు."

"అది డ్రైవు దాకా పోనే లేదు సార్!"

"అదంతా నాకేం తెలుస్తాది?"

అప్పుడే మారెన్న దగ్గుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళు నాపరాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర పనిచేసి రొమ్మునిండా రాతిదుమ్ము నింపుకున్న మనిషి. ఫిల్ములు దండగని డాక్టరు అతని ఎక్స్‌రేలన్నీ కంప్యూటర్లోనే ఉంచాడు.

"పాతవన్నీ కావాలంటమ్మా. పని చేసేటప్పుడే జబ్బు పెరిగిందని నష్టపరిహారమిచ్చే ఆఫీసులో చూపీయల్ల."

ముబీనా డాక్టరు వైపు చూసింది. ఆయన సెల్లు చూసుకుంటున్నాడు. ఆమె కాగితం తిప్పి, ముందే చెప్పినా డాక్టరు వినకపోవడం వల్ల మారెన్న నాలుగేళ్ళ ఎక్స్‌రేలు పోయాయని వెనక రాసి, సంతకం పెట్టి మారెన్న చేతికిచ్చింది. ఆ పూటే పని పోయింది.

ఇరవై రోజులకు, ఆమె పనికి కుదిరిన జిరాక్స్ షాపు వెతుక్కుంటూ మారెన్న వచ్చాడు. గడప మీద కూలబడి శానాసేపు దగ్గాడు.

"కాగితం కాదు, ఫొటోలు తెమ్మన్యారు. కొత్తది తీపిస్తే, జబ్బు నిన్న వచ్చిందో ఎప్పుడొచ్చిందో మాకెట్ల తెలుస్తాదంటారు. నా వల్ల నీ పని గూడా పాయ గదమ్మా."

"నీ వల్ల కాదు పెద్దాయనా," అంది ముబీనా. ఆ డాక్టరును నలుగురిలో నిలబెట్టి కడిగేయాలనుంది. ఆయన దగ్గర మాత్రం కొత్త కంప్యూటరు అప్పుడే నడుస్తోంది, బయట జనం నిలబడే ఉన్నారు.

మారెన్న లేచి, గోడ పట్టుకుని, బస్టాండు వైపు నడిచాడు.