చెయ్యి పెట్టాల్సిన మొగ్గలు

పత్తి సాళ్ల మధ్య హేమావతి నడుస్తోంది, ఆసుపత్రి వాళ్లు తొడిగిన పచ్చ గౌనుతోనే నడుస్తోంది, అయినా అదేమీ వింతగా తోచడం లేదు. సాలుకు ఆ చివర గద్వాల మట్టి, ఈ చివర ల్యాబు తలుపు, మధ్యలో వంగి పువ్వులకు క్రాసింగ్ చేస్తున్నది ఎవరో కాదు, ఏడాది కిందట పోయిన తల్లి తిమ్మక్క. బతికున్నన్నాళ్లూ సీడు పత్తి చేలల్లో ఆమె పని అదే: మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు పుప్పొడి అంటించడం, ఒక్కొక్కదానికీ, చేత్తో. చచ్చిపోయినా ఈ మనిషికి కూలిపని తప్పలేదా అని హేమావతికి కోపం వస్తుంది, ఆ వెంటనే ప్రాణం లేచొస్తుంది.

"ఏమే, తీసిండ్రా?" తల తిప్పకుండానే అడుగుతుంది తిమ్మక్క.

అండాలు ఇంకా తీస్తున్నారు అంటూ హేమావతి పక్కనే చతికిలబడి అంతా చెప్పుకొస్తుంది. తనకు ముప్పై ఎనిమిది. అండాలు తక్కువ, ఉన్నవాటి నాణ్యతా అంతంతమాత్రమే. కిందటిసారి అండాలనూ భర్త వీర్యకణాలనూ ఒకే గిన్నెలో వేసి వాటి మానాన వదిలేస్తే ఒక్కటీ కలవలేదు. ఈసారి ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సన్నటి సూదితో ఎక్కించాలా, మళ్లీ అలాగే వదిలెయ్యాలా, మత్తులోంచి లేవగానే చెప్పాలట. ఇదే ఆఖరుసారి. అసలే నీరసపు అండాలు, సూది గుచ్చితే ఏమైపోతాయోనని ఆమె బెంగ.

తిమ్మక్క నవ్వుతుంది. "పూత విరగబూసిననాడు తేనెటీగలకు వదిలిపెట్టొచ్చు బిడ్డా. నాలుగే ఉన్ననాడు ఒక్కదాన్ని గూడ వదులరాదు, చెయ్యి పెట్టాలె."

"చెయ్యి పెడితే చెడ్డ మొగ్గ మంచిదైతదా?"

"కాదు. మొగ్గ సత్తువ మొగ్గదే. చెయ్యి పెట్టుడే మన వంతు."

ఇప్పుడు పువ్వులన్నీ గాజు మూతల కింద ఉన్నాయి, ఎప్పుడు పెట్టారో ఏమో. ఇక దాచి లాభం లేదనిపిస్తుంది హేమావతికి. లోపం అల్లుడిదేనని తిమ్మక్క ఊరంతా చాటింది. ఇంటికొచ్చిన రాఘవేంద్రను పలకరించకుండా మొహం తిప్పుకుంది, నాలుగేళ్లు, పోయేదాకా. అతని రిపోర్టులు నిక్షేపంగా ఉన్నాయని తెలిసీ హేమావతి కిక్కురుమనలేదు. భార్య మీదికి మాట రాకూడదని అతనూ నోరు మెదపలేదు.

"ఆయనల ఏ లోపం లేదమ్మా. నా అండాలే బాగలేవు. నీకు చెప్పలేకపోయిన."

తిమ్మక్క చేతులు ఆగిపోతాయి. "వాని ఉసురు పోసుకున్న గదనే" అని సాలులోనే కూలబడుతుంది. కూతుర్ని తిట్టదు. తర్వాత కొంగుకు చేతులు తుడుచుకుని, అల్లున్ని చూసొస్తానని లేచి, సాలు వెంబడి పోయి ల్యాబు తలుపు తోసుకుని వెళ్లిపోతుంది. వెనకాలే పోదామని హేమావతి లేస్తుంది.

"మేడమ్, కళ్లు తెరవండి."

నర్సు. అయిదు అండాలు వచ్చాయని చెప్పి, ఎలా కలపమంటారో డాక్టరమ్మ అడుగుతున్నారంది. మంచం పక్కన రాఘవేంద్ర ఫారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సూదితోనే. అయిదూ" అంది హేమావతి. చాలా రోజుల తర్వాత మనసు నిమ్మళంగా ఉంది.

నర్సు నవ్వింది. మత్తులో మీరు సారును చూసి "అల్లుడా, తిన్నవా?" అని అడిగారు మేడమ్, అంది.

హేమావతి భర్త వైపు చూసింది. అతను ఫారం మీదినుంచి తల ఎత్తలేదు.

"ఆయనేమన్నారు?"

"'తిన్నా అత్తమ్మా' అన్నారు."