తడవని గుడారం

ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను రాత్రిపూట పక్కన పడుకోబెట్టుకోవడానికి తగినదా కాదా అన్నది ఆ శని ఆదివారాల్లో తేలిపోవాలి. తేల్చవలసినది కుటుంబ న్యాయస్థానం నియమించిన అధికారిణి. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే తల్లికి కాస్త సులువుగా ఉండేది, పోట్లాడే వీలుండేది. ఆవిడ మర్యాదస్తురాలు, కాదన్న ప్రతిసారీ చివర ‘అమ్మా’ అని చేర్చి మరీ కాదనేది.

తల్లి గుడారాలు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. భర్త నుంచి విడిపోయాక తోటి కార్మికురాలితో కలిసి ఒక గది అద్దెకు తీసుకుంది. రెండు మంచాలు, మంచాల నడుమ కుట్టుమిషను, తలుపు వెనక పొయ్యి. అధికారిణి ఆ గదిని గుమ్మంలో నిలబడే చూసింది.

“పగలు తీసుకొచ్చుకోండి, ఎవరూ వద్దనరు. రాత్రిళ్ళు మాత్రం ఇక్కడ కుదరదమ్మా.”

“మరెక్కడ కుదురుతుంది మేడమ్?”

“పిల్లలకి అనువుగా ఉండే చోటు ఏదైనా సరే. రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్ళండి. వాళ్ళ నాన్న తరఫునుంచి ఒక పెద్దమనిషి తోడుండాలి. నేనూ ఒకసారి వచ్చి చూస్తాను. బాగుందనిపిస్తే రాత్రిళ్ళ గురించి సిఫారసు చేస్తాను.”

హోటలు గది ఆమె ఊహకు కూడా అందేది కాదు. గుడారమైతే అందుతుంది. కార్ఖానాలో నీటి పరీక్షకు వాడే గుడారాన్ని సూపర్‌వైజరు అరువిస్తానన్నాడు. ఇక కావలసింది దాన్ని వేసుకోవడానికి, పసిపిల్లలకు పనికొచ్చే చోటు.

అంతకు ముందు నెలలో పిల్లల తండ్రి వాళ్ళను నీళ్ళ పార్కుకు తీసుకువెళ్ళాడు. నాలుగేళ్ళ చిన్నాడు జారుడుబల్ల మీంచి బోర్లా పడ్డాడు, గడ్డం చీరుకుపోయి కుట్లు పడ్డాయి. అధికారిణి ఆ కట్టు చూసి, “ఆటలన్నాక తప్పదుగా” అని నవ్వింది. అదే దెబ్బ తల్లి దగ్గర తగిలి ఉంటే దానికి పేరు మారేది. తండ్రి చేతిలో ఉన్నప్పుడు సరదా, తల్లి చేతిలో ఉన్నప్పుడు నిర్లక్ష్యం. ఈ నిఘంటువు ఎవరు కూర్చారో తెలియదు గాని, చదువుకున్నవాళ్ళకూ చదువుకోనివాళ్ళకూ సమానంగా కంఠతా వచ్చు. తల్లికీ వచ్చు. అందుకే, పిల్లల ఒంటి మీద ఒక్క గీత కూడా పడకూడదని ఆమె ముందే తీర్మానించుకుంది.

పిల్లలు తనతో ఉండే ఆదివారం పగళ్ళలో, వాళ్ళను వెంటబెట్టుకుని, బస్సులు మారి, గుడారాలు వేసుకోనిచ్చే చోట్లు వెతకడం మొదలుపెట్టింది.

మొదటిది ఏటి ఒడ్డున ఉంది. పలచగా పారే నీళ్ళు, అడుగున గులకరాళ్ళు, గట్టు మీద గుడారాలు వేసుకున్న నాలుగైదు కుటుంబాలు. ఆరేళ్ళ పెద్దది చెప్పులు ఊడదీసి ఎప్పుడు నీళ్ళలో దిగిందో తల్లికి తెలియనే లేదు. చిన్నాడు ఎవరో పిల్లవాడి చేతిలోంచి బకెట్టు లాక్కుని, మళ్ళీ ఇచ్చేసి, వాడితోనే కలిసి ఆనకట్ట కట్టసాగాడు. తల్లిదండ్రులు విడిపోయిన దగ్గర్నుంచీ నోరు విప్పడం తగ్గించేసిన పిల్లవాడు, నీళ్ళు తన కట్టను కోసేసినప్పుడల్లా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

“ఇక్కడికొచ్చిన పిల్లల్ని తిరిగి తీసుకెళ్ళడమే కష్టమమ్మా,” అన్నాడు ఆ చోటి మేనేజరు. “లోతు మోకాలు కూడా దాటదు.”

“కంచె లేదా?”

“ఏటికి కంచె ఏంటమ్మా, పారిపోతుందనా?”

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. తల్లి నవ్వలేదు. పిల్లలిద్దరినీ రెక్కలు పట్టుకుని బస్సు ఎక్కించింది. పెద్దది ఊరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. చిన్నాడు ఏడవలేదు, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

రెండోచోటు ద్వారం మీద ‘కుటుంబాలకు ప్రత్యేకం’ అని రాసి ఉంది. లోపల బల్ల దగ్గర కూర్చున్నామె పిల్లలకు చెరొక చాక్లెట్టు ఇచ్చి, చాలా ఆదరంగా అడిగింది.

“వాళ్ళ డాడీ ఎప్పుడొస్తారు?”

“ఆయన రారండి. నేనూ, మా ఆడపడుచూ వస్తాం.”

“అయ్యో, ఇద్దరూ ఆడవాళ్ళేనా. మాది ఫ్యామిలీ ప్లేసండీ, ఏమీ అనుకోకండి.”

తల్లి ఒకసారి పిల్లల వైపు, ఒకసారి ద్వారం మీది అక్షరాల వైపు చూసింది. కుటుంబం కాకపోతే తామేమవుతారో అడగాలనుకుంది. అడిగితే గొడవ పెట్టుకుందన్న మాట ఎక్కడికి చేరుతుందో తెలియదు కనుక ఊరుకుంది. నోరున్న ఆడదాన్ని గయ్యాళి అనీ, నోరు లేనిదాన్ని చేతకానిది అనీ అనే లోకంలో, రెండోదే కాస్త క్షేమమని ఆమె అనుభవం.

మూడోచోటు మెరక మీద ఉంది. చుట్టూ ఎత్తైన ఇనుప కంచె, గేటుకు తాళం, దారి పొడుగునా దీపాలు, ఆడవాళ్ళకు విడిగా స్నానాల గదులు, కనుచూపు మేరలో నీటి చుక్క లేదు. ఆమె చేత్తో మట్టి తవ్వి చూసింది. మేకు గట్టిగా పట్టే నేల. వాలు సరిగ్గా ఉంది, వాన పడితే నీళ్ళు గుడారం కిందికి రావు. ఒక మూల ఊయల చట్రం ఉంది గాని, దానికి గొలుసులూ లేవు, బల్లా లేదు.

“తీసేశాం,” అన్నాడు వాచ్‌మన్. “పిల్లలు పడుతున్నారని ఫిర్యాదులొచ్చాయి.”

“మంచి పని చేశారు,” అంది తల్లి మనస్ఫూర్తిగా.

“వేరే పిల్లలెవరూ లేరే?” అని పెద్దది అడిగింది.

“పెద్దగా ఎవరూ రారమ్మా ఇక్కడికి,” అన్నాడు అతను.

అధికారిణికి ఫోన్‌లో ఆ చోటు వివరాలు చెబితే, “బాగా వెతికారమ్మా” అంది. ఆ మెచ్చుకోలు తల్లికి వారమంతా ఒంట్లో వెచ్చగా ఉండిపోయింది.

శనివారం ఆడపడుచు తన లాండ్రీ వ్యానులో వాళ్ళను ఎక్కించుకు వెళ్ళింది. ఆమె పిల్లల తండ్రికి అక్క; తల్లి ఆమెను వదినా అని పిలుస్తుంది, మీరు అంటుంది. వదిన నాలుక పదును గాని, తమ్ముణ్ణి అయిందానికీ కానిదానికీ వెనకేసుకొచ్చే మనిషి కాదు.

“మా వాడు పిల్లల్ని రానిచ్చాడంటే వాడికి ఈ రెండ్రోజులూ ఏదో ప్రోగ్రాం ఉండే ఉంటుంది,” అంది స్టీరింగు తిప్పుతూ. “నువ్వేమో ఉరికంబం ఎక్కబోతున్నట్టు కూర్చున్నావు. కాస్త నవ్వమ్మాయ్, పిల్లలు జడుసుకుంటారు.”

గుడారం వేయడం తల్లి ఒంటిచేత్తో, ఎవరినీ ముట్టనివ్వకుండా పూర్తి చేసింది. ఆ పని అయ్యేసరికి వాన మొదలైంది.

కార్ఖానాలో నీటి పరీక్ష గది ఒకటి ఉంటుంది. గుడారం వేసి, పైన గొట్టాల్లోంచి నీళ్ళు వదులుతారు. ఒక మనిషి లోపల కూర్చుని ప్రతి కుట్టునూ బొటనవేలితో తడిమి చూడాలి, ఎందుకంటే కుట్టు పడిన చోటల్లా సూది చేసిన కన్నం ఉంటుంది. నీళ్ళు ఆగేదాకా జిప్పు తీయకూడదు. తీస్తే లోపలి తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలదు. ఏళ్ళ తరబడి అలా లోపల కూర్చునే మనిషి ఈ తల్లే. పైన చినుకుల చప్పుడు వినగానే ఆమె జిప్పు పైదాకా లాగేసి, మోకాళ్ళ మీద కూర్చుని, మూల నుంచి మూలకు కుట్లు తడమడం మొదలుపెట్టింది.

“అమ్మా, వానలో ఒక్కసారి,” అంది పెద్దది.

“వద్దు.”

“చెయ్యి ఒక్కటీ బయట పెడతా.”

“చెప్పానుగా, వద్దు.”

చిన్నాడు తన బూట్లు వేసుకుని జిప్పు ముందు నిలబడ్డాడు. అడగలేదు, ఊరికే నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత బూట్లతోనే పడుకున్నాడు.

“ఇదేం క్యాంపమ్మాయ్, జిప్పున్న జైలు,” అంది వదిన. “ఒక్క పావుగంట వదిలెయ్. తడిస్తే తడుస్తారు. నేనున్నాగా, తడిబట్టలతోనేగా నా బతుకంతా.”

“రేపు ఒళ్ళు వెచ్చబడితే మీరొచ్చి చెప్తారా వదినా, నేనే వదలమన్నానని?”

ఆ ప్రశ్నలో అతిశయోక్తి లేదని వదినకు తెలుసు. బిస్కెట్ల ప్యాకెట్టు విప్పి పిల్లల మధ్య పెట్టి, “మీ అమ్మ గోడలకి నాడి చూస్తోంది, రండి మనం తిందాం” అంది. పెద్దది నవ్వలేదు.

వాన సాయంత్రమంతా కురిసింది. లోపల ఒక్క చుక్క దిగలేదు. పిల్లలు పొడి దుప్పట్లలో పొడిగా నిద్రపోయారు. వాళ్ళ నుదుళ్ళు తాకి చూసి, తన చేతిపని మీద ఇంత గర్వం తనకు ఎన్నడూ కలగలేదని తల్లి అనుకుంది.

ఆదివారం పొద్దున అధికారిణి గొడుగు ఊతంగా బురదలో జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది. తల్లి పిల్లలిద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని గుడారం ముందు నిలబడి ఉంది. జారుతుందని వాళ్ళను అడుగు వేయనివ్వలేదు. అధికారిణి కంచె చూసింది, స్నానాల గదులు చూసింది, గుడారం లోపలికి తొంగి చూసి “చుక్క దిగలేదే” అని మెచ్చుకుంది. తర్వాత పెద్దదాని ముందు గొంతుక్కూర్చుంది.

“నిన్న ఏమేం చేశావు తల్లీ?”

“లోపలున్నా.”

“లోపల ఏం ఆడుకున్నారు?”

“ఏం లేదు. అమ్మ కుట్లు చూసింది.”

“అమ్మ మీతో ఆడిందా?”

పెద్దది తల్లి వైపు చూసింది. నిజం చెప్పమని పిల్లకు నేర్పింది ఆ తల్లే. కనుక తల ఊపి కాదంది.

“మేడమ్, రెండ్రోజులుగా పిల్లల్ని కంటికి రెప్పలా కాచుకుంది,” అంది వదిన. “నేను ఆ తరఫు మనిషిని, దీన్ని పొగిడితే నాకు ఒరిగేదేం లేదు.”

“అది నేనూ చూస్తున్నానమ్మా.” అధికారిణి లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. “జాగ్రత్తకి వంక పెట్టను. కానీ పిల్లలు బిగుసుకుపోయి ఉన్నారు. చిన్న బాబు నేనొచ్చినప్పట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళ నాన్న దగ్గర చూసినప్పుడు గెంతుతున్నారు. ఇంకొన్నాళ్ళు పగటిపూటే ఉంచుదాం. తర్వాత చూద్దాం.”

“వాడు నవ్విన చోటు ఒకటుంది మేడమ్,” అంది తల్లి. “ఏటి ఒడ్డు. నీళ్ళలో ఆడుకున్నారు ఇద్దరూ. అక్కడ వేసి ఉంటే మీరు ఒప్పుకునేవారా?”

అధికారిణి కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముఖంలో కపటం లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది.

“ఏటి ఒడ్డునా? ఇంత చిన్నపిల్లల్నా? ఎలా ఒప్పుకుంటానమ్మా?”

ఒకే ముఖంలోంచి ఒకే మర్యాదతో రెండు జవాబులూ వచ్చాయి, ఆ రెంటి నడుమ తల్లి నిలబడగలిగినంత చోటు లేదు. అధికారిణికి ఆ సంగతి తెలియదు. చెప్పినా తెలియదు. గొడుగు తెరిచి, బురద తప్పించుకుంటూ, గేటు వైపు వెళ్ళిపోయింది.

“నేను ఇంకేదైనా చెప్పాల్సిందేమో,” అంది వదిన.

“మీరు చెప్పాల్సింది చెప్పారు వదినా.”

పిల్లలను చీకటి పడకముందే తండ్రి ఇంటికి చేర్చాలి. తల్లి వాళ్ళను వ్యానులో కూర్చోబెట్టి, చిన్నాడి బూట్లకు అంటిన ఎండుటాకు తీసేసి, పెద్దదానికి సీటు బెల్టు పెట్టసాగింది. గుడారం ఆరబెట్టి మడవాలి కనుక తను వెనక ఉండి, బస్సులో వెళుతుంది. పెద్దది తల్లి ముఖంలోకి చూస్తూ, బడిలో పాఠం అప్పజెప్పిన పిల్లలా అడిగింది.

“నేను సరిగ్గా చెప్పానా అమ్మా?”

తల్లి బెల్టు బిగించి, అది పట్టిందో లేదో ఒకసారి లాగి చూసింది.

“సరిగ్గా చెప్పావు,” అంది. “ఎప్పుడడిగినా అలాగే చెప్పు.”